కంబోడియా మారణహోమ స్మారక స్థలాలు: స్నేహితుల బృందంతో వెళ్లేవారికి దశలవారీ మార్గదర్శి

నలుగురైదుగురు స్నేహితులు కలిసి బ్యాగులు తగిలించుకుని కంబోడియాకు బయలుదేరే ముందు దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు. 1970లలో కంబోడియాను పాలించిన కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ ఖైదీలను హింసించిన తుయోల్ స్లెంగ్ జైలు, వారిని చంపిన చోయెంగ్ ఎక్ ఏ క్రమంలో చూడాలి, అక్కడ ఎలా మెలగాలి అని. టికెట్ కొనడం, దారి కనుక్కోవడం పెద్ద పనులు కావు. కష్టమంతా గుంపుగా ఉండటంలోనే ఉంది. ఒంటరిగా వెళ్లినవారికి అక్కడ మౌనం దానంతటదే వస్తుంది. స్నేహితులతో వెళ్లేవారు దాన్ని ముందుగా ఏర్పాటు చేసుకోవాలి. అందుకే ఈ మార్గదర్శిలో సగం పని ప్రయాణానికి ముందే ఉంటుంది.

## 1. తేదీలు, మార్గం

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండ విపరీతంగా ఉంటుంది. చోయెంగ్ ఎక్‌లో ఎక్కువసేపు ఆరుబయటే నడవాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మే నుంచి అక్టోబరు వరకు వర్షాలు.

ఏప్రిల్ మధ్యలో ఖ్మేర్ నూతన సంవత్సరం వస్తుంది. నగరవాసులు సొంత ఊళ్లకు వెళతారు, బస్సులు నిండిపోతాయి, దుకాణాలు మూతపడతాయి. సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో వచ్చే ప్చుం బెన్ పితృదేవతల పండుగ. అప్పుడూ ప్రయాణాలు కష్టమే. మే 20 మారణహోమ మృతుల జాతీయ సంస్మరణ దినం. ఆ రోజు చోయెంగ్ ఎక్‌లో కార్యక్రమం జరుగుతుంది. వెళితే వెనక వరుసలో నిలబడండి, ఏడుస్తున్నవారి ముఖాలు ఫోటో తీయకండి.

చాలామంది సియెం రీప్‌లో దిగి, అంకోర్ ఆలయాలు తీరిగ్గా చూసి, చివరి రోజు రాజధాని ఫ్నోం పెన్‌లో ఈ స్థలాలను హడావిడిగా ముగిస్తారు. దాన్ని తిరగేయమని నా సలహా. బృందంలో ఓపిక, శ్రద్ధ మొదటి రోజుల్లోనే ఎక్కువ. చివరి రోజున అందరి మనసూ విమానం మీదే ఉంటుంది.

నేను సూచించే క్రమం ఇది:

- ఫ్నోం పెన్: 3 రాత్రులు (తుయోల్ స్లెంగ్, చోయెంగ్ ఎక్)
- బట్టంబాంగ్: 2 రాత్రులు (ఫ్నోం సంపావ్ గుహలు, వాట్ సాంరోంగ్ క్నాంగ్)
- సియెం రీప్: 3 రాత్రులు (అంకోర్, వీలైతే మందుపాతరల మ్యూజియం)

ఫ్నోం పెన్ నుంచి బట్టంబాంగ్‌కు బస్సులో ఐదారు గంటలు, అక్కడి నుంచి సియెం రీప్‌కు మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆ దారి ప్రయాణాలే మనసుకు విరామం.

వీసాను ప్రభుత్వ అధికారిక వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. అదే పేరును పోలిన దళారీ సైట్లు అదనంగా వసూలు చేస్తాయి. విమానంలో దిగేవారు ఈ-అరైవల్ (ఆన్‌లైన్‌లో రాక వివరాల) నమోదు కూడా పూర్తిచేయాలి. థాయిలాండ్ నుంచి రోడ్డు మార్గంలో రావాలనుకునేవారు జాగ్రత్త. 2025లో ఆ సరిహద్దులో సాయుధ ఘర్షణలు జరిగాయి. దారి తెరిచి ఉందో లేదో నిర్ధారించుకున్నాకే బస్సు టికెట్ కొనండి. ఖ్మేర్ రూజ్ నాయకుడు పోల్ పాట్ దహన స్థలం ఉన్న అన్లాంగ్ వెంగ్ కూడా ఆ సరిహద్దు పక్కనే ఉంది. మొదటిసారి వెళ్లే బృందాలు దాన్ని వదిలేయడమే మేలు.

## 2. బయలుదేరే ముందు బృందం కూర్చుని తేల్చుకోవాల్సినవి

దీనికి ఒక సాయంత్రం కేటాయించండి. ఫోను గ్రూపులో సందేశాలతో సరిపెట్టకండి. ఎదురెదురుగా కూర్చుంటేనే ఎవరికి ఇష్టం లేదో ముఖంలో తెలుస్తుంది.

రావడం ఎవరి ఇష్టం వారిది. ఇంట్లో ఇటీవల మరణం చూసినవారు, హింస అనుభవించినవారు, తీవ్రమైన ఆందోళనతో బాధపడేవారు వద్దనవచ్చు. కారణం చెప్పమని అడగకండి. "ఇంత దూరం వచ్చి చూడకపోతే ఎలా" అనే మాట ఎవరూ అనకూడదని ముందే ఒప్పుకోండి. రానివారికి ఆ పూట విడిగా ఒక కార్యక్రమం ఉండాలి. గేటు బయట కూర్చుని ఎదురుచూసే శిక్ష వేయకండి.

సగంలో బయటికి రావచ్చు. ఎవరైనా ఏ గదిలోనైనా "నేను బయట ఉంటాను" అని చెప్పి వెళ్లిపోవచ్చు. వారి వెంట ఒకరు వెళ్లాలా, ఒంటరిగా వదిలేయాలా అనేది ఎవరికి వారే ముందుగా చెప్పి ఉంచాలి. కొందరికి తోడు కావాలి, కొందరికి తోడే భారం.

ఫోటోల నియమం. మా ముఖాలున్న ఫోటో ఒక్కటీ లోపల తీయం అనే నియమం చాలా సులువు. దీనికి మినహాయింపులు పెట్టుకుంటే ప్రతి గది దగ్గరా చర్చ మొదలవుతుంది.

చదివి వెళ్లడం. బృందంలో ఒకరు ముందుగా చదివి, ఒక రాత్రి భోజనం దగ్గర మిగతావారికి చెప్పండి. కనీసం ఇవి అందరికీ తెలిసి ఉండాలి:

- 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ ఫ్నోం పెన్‌ను స్వాధీనం చేసుకుని నగరాన్ని ఖాళీ చేయించింది.
- 1979 జనవరి 7న వియత్నాం సైన్యం నగరంలోకి రావడంతో ఆ పాలన కూలింది.
- ఆకలి, రోగాలు, వెట్టిచాకిరీ, హత్యల వల్ల 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారని అంచనా.
- ఎస్-21 అని పిలిచిన తుయోల్ స్లెంగ్ జైలు అధిపతి డుచ్‌కు ఐక్యరాజ్యసమితి సహకారంతో ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానం 2010లో శిక్ష వేసింది. 2012లో అప్పీలు తర్వాత అది యావజ్జీవంగా మారింది.

ఈ మాత్రం తెలియకుండా వెళితే ఆడియో గైడ్ చెప్పే పేర్లు, తేదీలు చెవిలో పడి జారిపోతాయి.

బృందం పరిమాణం. నలుగురికి మించితే లోపల రెండు జట్లుగా విడిపోండి. ఏడెనిమిది మంది ఒకేసారి ఒక చిన్న గదిలోకి వెళితే, ఎంత నిశ్శబ్దంగా ఉన్నా అక్కడ అప్పటికే నిలబడి ఉన్నవారికి చోటు ఉండదు. వారిలో తమవారిని పోగొట్టుకున్నవారు ఉండవచ్చు.

## 3. ముందు రోజు సిద్ధం కావాల్సినవి

- భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు. రాతలు, బొమ్మలు లేని చొక్కా మంచిది.
- సులువుగా విప్పగలిగే చెప్పులు. చోయెంగ్ ఎక్‌లోని స్మారక స్తూపంలోకి చెప్పులతో వెళ్లకూడదు.
- నీళ్ల సీసా, టోపీ, దుమ్ముకు మాస్కు.
- చిన్న నోట్లు. డాలర్లు చెల్లుతాయి కానీ చిరిగినవి, మరకలున్నవి తీసుకోరు. చిల్లర స్థానిక కరెన్సీ రియెళ్లలో వస్తుంది. డాలరుకు సుమారు 4,000 రియెళ్లు.
- ఎవరి ఇయర్‌ఫోన్లు వారికి.
- పెద్ద బ్యాగులు హాస్టల్‌లోనే. వీపున పెద్ద బ్యాగుతో ఇరుకు గదుల్లో తిరగడం ఇతరులకు ఇబ్బంది.

ఆ రాత్రి మద్యం వద్దు. హాస్టళ్లలో అర్ధరాత్రి దాకా పార్టీలు జరుగుతుంటాయి. తలనొప్పితో, నిద్రమత్తుతో ఆ గదుల్లోకి వెళ్లడం చనిపోయినవారికి అవమానం, మీకూ నష్టం. ఈ ఒక్క రాత్రికైనా ప్రశాంతమైన గది చూసుకోండి.

నల్లని దుస్తులు, మెడలో ఎర్ర గళ్ల క్రమా కలిపి వేసుకోకండి. క్రమా ఖ్మేర్ ప్రజలు రోజూ వాడే వస్త్రమే, కొనుక్కోవచ్చు, కప్పుకోవచ్చు. కానీ ఆ రెండూ కలిస్తే ఖ్మేర్ రూజ్ సైనికుల వేషం అవుతుంది.

## 4. మొదటి ఉదయం: తుయోల్ స్లెంగ్

ముందు ఇది, తర్వాత చోయెంగ్ ఎక్. ఖైదీలను ఇక్కడ బంధించి, ప్రశ్నించి, హింసించి, ఆ తర్వాత లారీల్లో అక్కడికి తీసుకెళ్లి చంపారు. ఈ వరుసలో చూస్తేనే రెండో చోట వినిపించే ప్రతి మాటకూ అర్థం ఉంటుంది.

వీలైతే రెండింటినీ రెండు వేర్వేరు ఉదయాల్లో చూడండి. ఒకే రోజులో ముగించే టూర్లు చాలా ఉన్నాయి. రోజు మిగులుతుంది నిజమే, కానీ రెండో చోటికి చేరేసరికి మనసు మొద్దుబారిపోయి ఉంటుంది.

దశ 1. ఉదయం 8 గంటలకు తెరిచే వేళకే చేరండి. పది దాటితే టూరు బృందాలు వస్తాయి. ప్రవేశం 5 డాలర్లు, ఆడియో గైడ్‌కు మరో 5. ధరలు మారవచ్చు కాబట్టి కాస్త ఎక్కువే ఉంచుకోండి. ఆడియో గైడ్ దగ్గర పొదుపు చేయకండి. ఒకే పరికరాన్ని ఇద్దరు పంచుకోకండి. ఒకరు ఆగాలనుకున్న చోట మరొకరు కదులుతారు, ఇద్దరికీ వినడం కుదరదు.

దశ 2. లోపలికి అడుగుపెట్టగానే కలుసుకునే సమయం, చోటు నిర్ణయించుకోండి. రెండున్నర గంటల తర్వాత ఆవరణలోని చెట్ల కింద బల్లల దగ్గర అనుకుంటే సరిపోతుంది. ఆ తర్వాత విడిపోండి. మొత్తం సందర్శనలో ఇదే కీలకమైన దశ. కలిసి నడిస్తే ఎవరో ఒకరు ఏదో ఒక మాట అంటారు. ఇబ్బందిగా ఉన్నప్పుడు స్నేహితులు నవ్వించాలని చూడటం సహజం. ఇక్కడ ఆ సహజమే కూడదు. నవ్వవద్దని సూచించే పలకలు కూడా గోడలపై కనిపిస్తాయి.

దశ 3. భవనాలను ఎ, బి, సి, డి వరుసలో చూడండి. ఇది ఒకప్పుడు ఉన్నత పాఠశాల. తరగతి గదుల రూపం ఇంకా పోలేదు. ఎ భవనంలో ఇనుప మంచాలు, గోడపై 1979లో దొరికిన మృతదేహాల ఫోటోలు ఉంటాయి. అక్కడ చివరగా దొరికిన 14 మంది సమాధులు ఆవరణలోనే ఉన్నాయి. బి భవనంలో ఖైదీలను తీసుకొచ్చినప్పుడు తీసిన ముఖచిత్రాలు వరుసలుగా ఉంటాయి. సి భవనం వరండాలకు ముళ్లతీగ కనిపిస్తుంది. ఖైదీలు దూకి ప్రాణాలు తీసుకోకుండా కట్టింది అది. డి భవనంలో హింసా పరికరాలు, అక్కడ ఖైదీగా ఉండి ప్రాణాలతో బయటపడిన చిత్రకారుడు వాన్ నాథ్ గీసిన చిత్రాలు ఉంటాయి.

బి భవనానికే ఎక్కువ సమయం ఉంచుకోండి. చాలామంది అక్కడ వేగంగా నడుస్తారు. చూపు ఒక ముఖం మీద నుంచి మరో ముఖం మీదికి జారిపోతుంది, కాసేపటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒక వరుసను ఎంచుకుని అందులో ప్రతి ముఖాన్నీ ఆగి చూడండి. అన్ని బోర్డులూ పూర్తిచేయాలన్న పట్టుదల వద్దు. ఇక్కడికి తెచ్చినవారి సంఖ్య 12 వేలకు పైనే, 18 వేల దాకా ఉండవచ్చని పరిశోధకుల అంచనా. ఆ అంకె మనసుకు అందేది ఒక్కొక్క ముఖం ద్వారానే.

దశ 4. బయటికి వచ్చే దారిలో, ప్రాణాలతో బయటపడినవారు కొన్నిసార్లు పుస్తకాలతో కూర్చుని ఉంటారు. చుమ్ మే, బౌ మెంగ్ ఏళ్ల తరబడి అలా కూర్చుని సందర్శకులతో మాట్లాడారు. ఎవరైనా కనిపిస్తే నమస్కరించండి, పుస్తకం కొనండి. ఫోటో కావాలంటే అడిగి తీసుకోండి. హింస వివరాలు మళ్లీ చెప్పమని అడగకండి, వారు పుస్తకంలో రాసే ఉన్నారు.

దశ 5. మధ్యాహ్నం ఖాళీగా ఉంచండి. మార్కెట్టు, పడవ షికారు, మసాజు ఏవీ ముందుగా బుక్ చేయవద్దు. భోజనం చేయండి, నది ఒడ్డున నడవండి, లేదా గదికి వెళ్లి పడుకోండి. ఎవరైనా మాట్లాడాలనుకుంటే వినండి. మాట్లాడమని ఎవరినీ బలవంతపెట్టవద్దు.

## 5. రెండో ఉదయం: చోయెంగ్ ఎక్

నగరానికి దక్షిణంగా సుమారు 15 కిలోమీటర్లు. టుక్‌టుక్‌లో రానుపోను మాట్లాడుకోండి, డ్రైవరు అక్కడ వేచి ఉంటారు. యాప్ ద్వారా పిలిస్తే ధర ముందే తెలుస్తుంది. టుక్‌టుక్‌లో ఫోను చేతిలో పట్టుకుని బయటికి చాపవద్దు. బైకులపై వచ్చి లాక్కుపోయే దొంగతనాలు ఫ్నోం పెన్‌లో మామూలు.

కొందరు డ్రైవర్లు దారిలో తుపాకులు కాల్చే మైదానానికి తీసుకెళతామంటారు. వద్దని ఒక్క మాటలో చెప్పండి. హత్యాస్థలానికి వెళ్లే దారిలో సరదాకు తుపాకీ పట్టుకోవడాన్ని నేను ఏ రకంగానూ సమర్థించలేను. బృందంలో ఎవరికైనా ఆసక్తి ఉంటే దాన్ని ముందు రోజు సాయంత్రమే చర్చించి ముగించండి, టుక్‌టుక్‌లో కాదు.

ఇక్కడ ఆడియోతో కలిపి టికెట్ 6 డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. ఒకటిన్నర నుంచి రెండు గంటలు చాలు. తుయోల్ స్లెంగ్‌లో కళ్లకు పని ఎక్కువ, ఇక్కడ చెవులకు. పైకి కనిపించేవి గడ్డి, చెట్లు, నేలలో గుంటలు. ఆడియో లేకుండా వచ్చినవారు ఇరవై నిమిషాల్లో వెళ్లిపోతారు.

- గుర్తించిన 129 సామూహిక సమాధుల్లో 86 గోతులను 1980లో తవ్వగా 8,985 మంది అవశేషాలు దొరికాయి. మిగిలినవాటిని కదిలించలేదు. కాబట్టి చెక్క దారి, కాలిబాట వదిలి అడుగు వేయవద్దు.
- వర్షాల తర్వాత ఎముక ముక్కలు, బట్టల పేలికలు మట్టిపైకి తేలతాయి. తాకవద్దు, తీయవద్దు. సిబ్బందికి చూపించండి, వారు సేకరించి భద్రపరుస్తారు.
- పసిపిల్లలను చంపిన చెట్టు ఒకటి ఉంది. దానికి సందర్శకులు కట్టిన దారాలు, గాజులు వేలాడుతుంటాయి. బృందంలో తల్లిదండ్రులుంటే ఈ చోటు గురించి ముందుగా చెప్పి ఉంచండి.
- స్తూపాన్ని చివరగా చూడండి. 1988లో కట్టిన దీనిలో అంతస్తులుగా పుర్రెలు ఉంచారు. చెప్పులు, టోపీ తీసి, పువ్వులో అగరొత్తులో సమర్పించి, ఒకరి వెనక ఒకరు తిరిగి రండి.

## 6. బట్టంబాంగ్

ఊరికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని ఫ్నోం సంపావ్ కొండపై గుహలు ఉన్నాయి. పైనున్న రంధ్రం దగ్గర మనుషులను చంపి కిందికి తోసేవారు. ఇప్పుడు లోపల శయన బుద్ధ విగ్రహం, ఎముకలు భద్రపరిచిన చిన్న స్మారకం ఉన్నాయి. ఇదే కొండ పాదం దగ్గర సాయంత్రం లక్షలాది గబ్బిలాలు గుహలోంచి బయటికి వస్తాయి. అది చూడటానికి జనం కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. రెండింటి మధ్య కనీసం గంట వ్యవధి ఉండేలా మధ్యాహ్నం మూడింటికే కొండ ఎక్కండి.

వాట్ సాంరోంగ్ క్నాంగ్ ఆలయాన్ని ఖ్మేర్ రూజ్ జైలుగా వాడింది. అక్కడి స్మారకం చుట్టూ ఆనాటి ఘోరాలు శిల్పాలుగా చెక్కి ఉన్నాయి. జనం పెద్దగా ఉండరు. స్థానిక గైడును పెట్టుకోవడానికి డబ్బు ఎక్కడైనా ఖర్చు చేయాలంటే ఇక్కడే చేయండి, ఎందుకంటే వివరించే పలకలు తక్కువ.

వాయవ్య ప్రాంతపు పల్లెల్లో నడిచేటప్పుడు అరిగిన బాట వదలవద్దు. ఎర్ర పలకపై పుర్రె గుర్తు కనిపిస్తే వచ్చిన దారినే వెనక్కి తిరగండి. మందుపాతరలు ఇంకా పూర్తిగా తొలగిపోలేదు.

## 7. స్థానికులతో మాట్లాడేటప్పుడు

యాభై అయిదు దాటిన ప్రతి ఒక్కరూ ఆ కాలాన్ని బతికి దాటినవారే. టుక్‌టుక్ డ్రైవరును "మీ ఇంట్లో ఎవరు పోయారు" అని అడగకండి. వారంతట వారు చెబితే మధ్యలో ప్రశ్నలు వేయకుండా వినండి.

"మీ కుటుంబం ఎటువైపు" అన్నది అసలు అడగకూడని ప్రశ్న. చంపినవారు, బతికినవారు ఒకే ఊళ్లో, ఒకే వీధిలో ఉన్న చోట్లు అనేకం. బలవంతంగా చేరినవారు, పసివయసులోనే తుపాకీ పట్టినవారు కూడా ఉన్నారు. ఆ ఘోరాలు జరగలేదనడం, వాటిని సమర్థించడం కంబోడియా చట్టం ప్రకారం నేరం. సరదా వాదన కోసం కూడా ఆ మాటలు వద్దు.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

ఎవరో నవ్వారు, లేదా గట్టిగా మాట్లాడారు. అక్కడే మందలించవద్దు. చేత్తో సైగ చేసి బయటికి తీసుకెళ్లండి. చాలాసార్లు అది అగౌరవం కాదు, తట్టుకోలేనితనం.

ఫోటో పోస్టు చేసేశారు. బృందంలో ఒకరు చెప్పగానే తీసేయాలని ముందే మాట తీసుకోండి. పెట్టదలిస్తే మరుసటి రోజు, ముఖాలు లేకుండా, ఆ చోటు గురించి రెండు వాక్యాలు రాసి పెట్టండి.

దుఃఖంలో అనాథాశ్రమానికి వెళదామనిపించింది. వెళ్లవద్దు. పిల్లలను చూపించి విరాళాలు రాబట్టే వ్యాపారం కంబోడియాలో పెద్ద సమస్య, తల్లిదండ్రులున్న పిల్లలను కూడా వాటిలో ఉంచుతారు. సాయం చేయాలనుకుంటే యువతకు వంట, కుట్టు వంటి వృత్తివిద్య నేర్పే సంస్థల హోటళ్లలో తినండి, వారి దుకాణాల్లో కొనండి.

ఒకరు తొందరగా ముగించి మిగతావారిని పిలుస్తున్నారు. కలుసుకునే సమయం ముందే ఉంది కాబట్టి ఫోను చేయవద్దు. ఆవరణలో కూర్చోండి.

రోజుకు రెండు మూడు ఇలాంటి స్థలాలు పెట్టుకున్నారు. ఒకటి కొట్టేయండి. ఏది కొట్టేయాలో తేలకపోతే పలకలు, ఆడియో లేని దాన్ని.

## 9. ఎవరైనా తట్టుకోలేకపోతే

ఏడుపు, వికారం, మాట రాకపోవడం, కోపం, ఏమీ అనిపించకపోవడం, అన్నీ జరుగుతాయి. ఏమీ అనిపించనివారిని రాయి గుండె అని ఆటపట్టించకండి, వారికి ఆ బరువు రెండు రోజుల తర్వాత తెలియవచ్చు.

- నీడలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టండి, నీళ్లివ్వండి. ఎండదెబ్బ కూడా ఇలాగే కనిపిస్తుంది. ఒంటి వేడి చూడండి.
- ఊరడించే మాటలకన్నా పక్కన ఉండటం ముఖ్యం.
- ఆ రోజు మిగిలిన కార్యక్రమాన్ని ఒకరు వారితో ఉండి వదులుకోండి. మిగతావారు వెళ్లవచ్చు.
- నిద్ర పట్టకపోవడం, అవే దృశ్యాలు పదే పదే కళ్లముందు కదలడం కొన్ని రోజులకు మించి సాగితే మానసిక వైద్యులను కలవమని చెప్పండి.
- తర్వాతి స్మారక స్థలానికి వస్తారా అని మళ్లీ కొత్తగా అడగండి. ముందు ఒప్పుకున్నారన్న లెక్క ఇక్కడ చెల్లదు.